శుభ్రమైన బొమ్మ

పదహారో రోజు

ముందు ఒక దిద్దుబాటు. నిన్న పెద్దల బల్ల దగ్గర అందరి ముందూ నువ్వన్నావు, "కెమెరాకీ వయసైపోయింది, మా వదినకీ వయసైపోయింది, ఇద్దరికీ కళ్ళు ఆనడం లేదు" అని. కామేశం, కెమెరా వయసు నలభై ఒకటి, నా వయసు డెబ్భై ఏడు. మమ్మల్నిద్దర్నీ ఒకే గాటన కట్టడం కెమెరాకి అవమానం. నాకు పొర ఉన్నది ఎడమ కంటికి మాత్రమే. దానికి అదీ లేదు. పొద్దున్నే మెత్తటి పాత పంచె ముక్కతో, వాన నీటితో, దాని అద్దం మీది ఉప్పు నేనే తుడిచాను. అద్దం నిక్షేపంలా ఉంది. బొమ్మ సరిగా రాకపోవడానికి కారణం మనం పెట్టిన మీటలు.

రెండో దిద్దుబాటు. "మీటలన్నీ తిప్పి చూడు వదినా, ఏదో ఒకచోట కుదురుతుంది" అన్నావు. మీటలు ఏడు. ఒక్కోదానికి ఐదు మెట్లు. అన్ని కలయికలూ చూడాలంటే డెబ్భై ఎనిమిది వేల నూట ఇరవై ఐదు. సోలారు పలకలు రోజంతా తాగిన ఎండ కెమెరాకి పదకొండు నిమిషాలకు సరిపోతుంది. మీట తిప్పాక బొమ్మ కుదురుకోవడానికి నలభై సెకన్లు. అంటే రోజుకి పదహారు. నువ్వు చెప్పిన పద్ధతిలో పదమూడేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. అప్పటికి నాకు తొంభై. కాత్యాయనికి ముప్పై తొమ్మిది.

ఈ పుస్తకంలో రోజూ మధ్యాహ్నం సంతకం పెడతావు, చదవకుండా. ఇప్పట్నించి చదువు. నా తర్వాత ఈ కెమెరా మీటల పెట్టె ముందు కూర్చునేవాళ్ళకి కూడా తెలియాలి కనక విషయం మొదట్నించీ రాస్తున్నాను.

సముద్రం మీద నిలబెట్టుకున్న మన మూడో మంచె నించి పన్నెండుమంది, జనం వదిలేసిన ఏడో మంచెకి వెళ్ళారు. అక్కడ మంచినీళ్ళ యంత్రం ఆగిపోయింది, బాగుచెయ్యాలి. వాళ్ళలో యంత్రం తెలిసిన మనిషి ఒక్కతే, నా మనవరాలు కాత్యాయని. గంగులు వాళ్ళని దింపి పడవ తెచ్చేశాడు. ఎనిమిది రోజుల్లో పని ముగించి, ఆ తర్వాత రోజూ పొద్దు వాలే వేళకి గట్టు మీద నిలబడి దీపాలు ఊపాలని ఒప్పందం. ఊపితే దూరానికి బాగా తెలుస్తుందని నువ్వే చెప్పావు. యంత్రం బాగైతే వాళ్ళకి నీళ్ళకి లోటు లేదు. బాగవకపోతే పట్టుకెళ్ళినవి పదిహేను రోజులకే.

మధ్య దూరం పన్నెండు కిలోమీటర్లు, కంటికి ఆవిరి తప్ప ఏమీ తెలీదు. రేడియోని ఉప్పు తినేసి ఆరేళ్ళయింది. పడవలో ఇంకొక్క రానుపోనుకి సరిపడా బ్యాటరీ మిగిలి ఉంది. అది ఖర్చయితే మళ్ళీ నిండడానికి నలభై రోజులు. అందుకే బల్ల వాళ్ళ కట్టడి: అవతలి మనుషుల బొమ్మ ఏడుగురు సాక్షులూ చూడాలి, ఏడుగురూ అవుననాలి. అంతవరకూ పడవ తాడు విప్పకూడదు.

ఎనిమిదో రోజు నించీ ఇవాళ్టిదాకా కెమెరాలో బూడిదరంగు గుడ్డ తప్ప ఏమీ లేదు.

పదిహేడో రోజు

పద్ధతి రాస్తున్నాను. టీవీ స్టూడియోలో పందొమ్మిదేళ్ళు ఇదే పని చేశాను, అప్పట్లో నేల ఉండేది.

పెట్టె మీద ఇంగ్లీషు పేర్లు ఎప్పుడో చెరిగిపోతే నేనే తెలుగులో రాశాను: వెలుగు, వేగం, పెంపు, తెలుపు, నలుపు, పదును, శుభ్రం. మొదటి సూత్రం, ఒకసారికి ఒక్క మీటే కదలాలి. మిగతా ఆరూ నడిమెట్టు మీద ఉండాలి. రెండో సూత్రం, మెట్లన్నీ ఎక్కక్కర్లేదు. కింది మెట్టూ పై మెట్టూ చూడు. రెంటికీ తేడా లేకపోతే ఆ మీటని వదిలెయ్యి. తేడా ఉంటే ఏ కొస మెరుగో చూసి, ఆ సగంలోనే వెతుకు. మూడోది, కరెంటు ఉన్నంతసేపూ బొమ్మలు దాచడమే, ఆలోచించకూడదు. ఆలోచన మర్నాడు చిన్న తెర మీద చెయ్యాలి, అది పైసా కరెంటు తాగదు.

పరీక్షకి తెలిసిన వస్తువు కావాలి. రెండువందల అడుగుల దూరంలో ఉన్న చివరి పలక మీద ఒక పటం కట్టాను. నలుపుకి పైడమ్మ పెనం, తెలుపుకి మీ అన్నయ్య పంచె, రంగులకి పసుపు గుడ్డ, ఎండుమిరపకాయల దండ, సన్నని గీతలకి సైకిలు చక్రం.

"ఒలమ్మ, నా పెనం ఉప్పుగాలికి తుప్పట్టిపోద్ది కదమ్మా" అంది పైడమ్మ. తను మా పక్క గది.

"నూనె రాసి ఇస్తాలే."

"నూనేటి, మీ కాడ నూనుంటే నాను మిమ్మల్ని మంచి సేసుకోనేటి ఇన్నాళ్ళూ!"

సాయంత్రం కొమ్ము ఊదారు. మామూలుగానే మంచె మంచె అంతా నిలిచిపోయింది. బయటివాళ్ళు ఎవరైనా ఇది చదివితే నవ్వుతారు కనక చెప్పాలి. మన కెమెరా స్తంభం మనం నడిచే పలకలకే కట్టి ఉంది. ఎవరు అడుగేసినా బొమ్మ ఊగుతుంది. అందుకని కెమెరా వేళ పదకొండు నిమిషాలూ మూడువందల మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతాం. నలభై ఏళ్ళుగా పిల్లలకి నడకతో పాటు ఇదీ నేర్పుతున్నాం. చేపలు తోమే చెయ్యి తోముతూండగానే ఆగుతుంది. మన ఊళ్ళో క్రమశిక్షణ అంటే ఇదొక్కటే, మిగతావాటి సంగతి నీకు తెలుసు.

పదహారు బొమ్మలు దాచాను.

పంతొమ్మిదో రోజు

రెండు సాయంత్రాలు, ముప్పై రెండు బొమ్మలు. వెలుగు నాలుగు, వేగం రెండు, పెంపు నాలుగు. తెలుపు, నలుపు ఎటు తిప్పినా ఒకటే, వదిలేశాను. పదును మూడు. శుభ్రం ఐదు, అంటే చివరి మెట్టు. అది ఐదులో ఉంటే బొమ్మలో ఒక్క గరుకు చుక్క లేదు. సైకిలు చక్రంలో ముప్పై ఆరు పుల్లలూ లెక్కపెట్టాను.

అవే మీటలతో ఇవాళ సాయంత్రం కెమెరాని ఏడో మంచె మీదికి తిప్పాను. నా జన్మలో ఇంత మంచి బొమ్మ తియ్యలేదు కామేశం. గట్టు కనబడింది. గట్టు కింద స్తంభాలు ఇరవై రెండు. మంచినీళ్ళ యంత్రం గొట్టం, దాని మీద ఎండేసిన చీర. అన్నీ ఎవరో కడిగి పెట్టినట్టున్నాయి.

మనుషులు లేరు. దీపాలు లేవు.

ఏడుగురు సాక్షులూ చూశారు. నువ్వు మెల్లిగా అన్నావు, "ఎవరూ లేరు వదినా." నేను అవునన్నాను. ఈ పుస్తకంలో "గట్టు ఖాళీ" అని రాసి కింద సంతకం పెట్టాను. పని సరిగ్గా చేశానన్న తృప్తి కూడా కలిగింది. అది కూడా రాస్తున్నాను, దాచడం ఎందుకు.

ఇరవై రెండో రోజు

ఇవాళ కోడిని చూశాను. సరిగ్గా చెప్పాలంటే, చూడలేదు.

గట్టు ఖాళీ అని తేలాక కూడా రోజూ కెమెరా పెడుతున్నాను. మానడానికి నాకు వేరే పని లేదు. మీటలు కదిలాయేమోనని మొదటి నిమిషం పటం మీద పెట్టి, తర్వాత అవతలికి తిప్పుతాను. కొమ్ము ఊదారు, ఊరు ఆగింది. అప్పుడు పైడమ్మ ఎర్రకోడి గంప కింద నించి బయటపడి, చివరి పలక మీదికి పరుగెత్తి, నా మిరపకాయల దండని పొడవడం మొదలుపెట్టింది. కోడికి కట్టుబాట్లు ఉండవు. దాని బరువుకి స్తంభం కదలదు కూడా.

"ఛీ! పో!" పైడమ్మ కదలకుండా పళ్ళ సందులోంచి అంటోంది. "అమ్మా, దాన్ని తోలనా?"

"కదిలావంటే కూర వండిస్తాను, దాన్నే" అన్నాను.

కుడికన్ను తలుపులోంచి బయట పెట్టి చూస్తే కోడి ఉంది. అటూ ఇటూ గెంతుతోంది, పంచె ముందు, పెనం ముందు. తెర మీదికి చూస్తే పంచె ఉంది, పెనం ఉంది, మిరపకాయలున్నాయి. కోడి లేదు.

మళ్ళీ బయటికి చూశాను. ఉంది. తెర. లేదు. తెర మీద పంచె తెల్లదనం కాస్త మాసినట్టుంది, అంతే. దండలోంచి ఒక మిరపకాయ మాత్రం తనంతట తనే మాయమైంది.

అప్పుడు శుభ్రం మీట వంక చూశాను.

శుభ్రం మీట ఏం చేస్తుందో నేను పందొమ్మిదేళ్ళు కుర్రవాళ్ళకి పాఠం చెప్పాను. బొమ్మ వెంట బొమ్మని పోల్చి చూస్తుంది. అన్నిట్లోనూ ఒకేచోట ఉన్నది నిజం అనుకుని ఉంచుతుంది. ఒకదాన్లో ఇక్కడా, తర్వాతిదాన్లో అక్కడా ఉన్నది మురికి అనుకుని తుడిచేస్తుంది. ఎంత ఎక్కువ తిప్పితే అంత ఎక్కువ తుడుస్తుంది. పాఠం నాకు వచ్చు. కానీ నా పటంలో కదిలే వస్తువు ఒక్కటి లేదు. ఊళ్ళోనూ కదిలేది లేదు, అందర్నీ ఆపాం కదా. కదలని ఊరిలో, కదలని పంచెకి, కదలని పెనానికి అన్నిటికంటె మంచి మీట ఏదో కనిపెట్టాను. దీపాలు పట్టుకుని ఊపండి అని వాళ్ళకి చెప్పి పంపాం.

దీపాలని నిలకడగా పట్టుకుని ఉంటే పంతొమ్మిదో రోజునే కనబడేవి.

ఇరవై మూడో రోజు

నువ్వు అడుగుతావని తెలుసు, అందుకని ముందే కొలిచాను. మనుషులు పలక మీద కదలకూడదు, సరే. పడవ నీళ్ళలో ఉంది, పలకలకి తాడుతోనే కట్టి ఉంది. గంగుల్ని పడవలో నిలబెట్టి దీపం ఊపమన్నాను.

"ఊపితే ఏటవుద్ది అమ్మగోరూ?"

"నువ్వు మాయమవుతావు."

"మా ఆడది సంతోసిత్తది" అని ఊపాడు.

శుభ్రం ఐదు: గంగులు చెయ్యి లేదు, దీపం లేదు, కాళ్ళు మాత్రం ఉన్నాయి. నాలుగు: అదే. మూడు: పొగలాంటి మరక. రెండు: మరకలో వెలుగు. ఒకటి: దీపానికి తోక. సున్నా, అంటే ఐదు మెట్లకీ కిందికి దించి మీటని పూర్తిగా కట్టేస్తే: దీపం, చెయ్యి, గంగులు పళ్ళు కూడా. ఆరు పరీక్షలు, నాలుగు నిమిషాలు. మొదటి రోజే ఇది చేసి ఉండవలసింది.

మిగిలిన ఏడు నిమిషాలు సున్నా మీద ఉంచి ఏడో మంచె చూశాను. సున్నాలో బొమ్మ ఎలా ఉంటుందంటే, పుట్ట తవ్వితే చీమలు లేచినట్టు. తెరంతా గరుకు చుక్కలు మరుగుతూ ఉంటాయి. ఆ చుక్కల్లో నాలుగు చోట్ల చుక్కలు ఒక పద్ధతిలో వెళ్ళి వస్తున్నాయి. ఎడమకి, కుడికి, ఎడమకి.

నాలుగు. పన్నెండు కాదు.

ఇరవై నాలుగో రోజు

సాక్షుల్ని కూర్చోబెట్టాను. గంగులు మొదట, "నానైతే ఇసక సూత్తన్నాను" అన్నాడు. కాసేపటికి లేచి తెర దగ్గరికి వచ్చాడు. "అద్గదీ! ఎడమేపు సూడండి, ఊగతంది! మనిసి చెయ్యే అది, అలకి అలాగ ఊగదు." పైడమ్మ చూసింది. నలుగురు అవునన్నారు. ముగ్గురికి కనబడలేదు, అందులో ఒకాయనకి రెండు కళ్ళకీ పొరలే, ఆయన్ని సాక్షిగా ఎవరు వేశారో నాకు తెలీదు. ఇంకొకడివి నువ్వు.

తర్వాత నువ్వు నా గదికి వచ్చావు. మనం మాట్లాడుకున్నది కూడా రాస్తున్నాను, తర్వాత ఒకరినొకరు తప్పు పట్టుకునే పని లేకుండా.

"వదినా, గంగులు పడవలో మాయమవడం చూశాను. కెమెరా దాచగలదని ఒప్పుకుంటాను. కానీ దాచింది అన్నది వేరే మాట."

"నాలుగు దీపాలు చూశాను."

"అన్నయ్య కూడా పొగ చూశానన్నాడు."

అదీ నీ మాట. నాకు తెలుసు. మీ అన్నయ్య పొగ చూశానంటే నువ్వు భార్గవని పడవలో పంపావు. పొగ లేదు, పడవ రాలేదు, నీ కొడుకూ రాలేదు. కట్టడి ఆ తర్వాత పెట్టిందే. పెట్టినప్పుడు నేనూ చెయ్యెత్తాను.

"మీ అన్నయ్య చూశాడు. నేను కొలిచాను. తేడా ఉంది."

"నా కంటికి ఇసకే కనబడుతోంది. ఏం చెయ్యమంటావు?"

"కనబడిందని చెప్పు."

"అబద్ధం చెప్పమంటున్నావా?"

"అవును. చదువుకున్నదాన్ని, స్పష్టంగానే అడుగుతున్నాను. నువ్వు ఒప్పుకుంటే మిగతా ఇద్దరూ ఒప్పుకుంటారు."

"కాత్యాయని నాకూ మనవరాలే వదినా. పరాయి పిల్లయితే చెప్పేవాణ్ణేమో. సొంత పిల్ల కోసం నేనే కట్టడి తెంచితే రేపు ఇంకెవడు ఆగుతాడు?" అన్నావు. ఈ మాట తప్పని నేను రుజువు చెయ్యలేను. రుజువు చెయ్యలేని మాటల్ని చూస్తే నాకు మంట, ఆ సంగతీ నీకు తెలుసు.

ఒకటీ, రెండూ మెట్ల మీద కూడా ప్రయత్నించాను, గరుకు తగ్గి దీపం మిగిలే చోటు ఉందేమోనని. ఒకటిలో చుక్కలు కాస్త అణిగాయి, దీపాలు ఇంకా అణిగాయి. సున్నాకీ ఒకటికీ మధ్య మెట్టు లేదు.

ఇరవై ఐదో రోజు

సున్నా. రెండు దీపాలు. సాక్షులు ఐదుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. నిన్న కనబడని ఒకాయన ఇవాళ మారాడు. పాపం, నా ముఖం చూసి మారాడు, తెర చూసి కాదు.

ఒక దీపం ఊపులో మధ్యలో ఆగి, కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి ఊగింది. చెయ్యి మార్చుకున్నట్టుంది. కాత్యాయని ఎడమచేతివాటం. పన్నెండు కిలోమీటర్ల దూరం నించి అది ఎడమ చెయ్యో కుడి చెయ్యో తెలియదు. తెలియదని రాస్తున్నాను.

"మనమే ఎల్లిపోదామా అమ్మా, తాడు ఇప్పేసి?" అని గంగులు నా చెవిలో అన్నాడు. పడవ మోటారు తాళం నీ దగ్గర ఉంది. తెడ్లతో పన్నెండు కిలోమీటర్లు, ఎదురు ప్రవాహం. అదీ లెక్క వేశాను. తేలలేదు.

ఇరవై ఆరో రోజు

సున్నా. ఒక దీపం. చాలా నెమ్మదిగా ఊగింది. నాలుగో నిమిషంలో ఆగింది. నేను పదకొండో నిమిషందాకా చూశాను.

ఇరవై ఏడో రోజు

ఇవాళ పొద్దు వాలే వేళ సున్నాతో మొదలుపెట్టాను. ఇసక. ఊగేది ఏదీ లేదు. ఊరంతా నిలిచి ఉంది, ఏడుగురు సాక్షులూ నా వెనక ఊపిరి బిగబట్టారు. ఏడో నిమిషంలో శుభ్రం మీటని తిరిగి ఐదుకి తిప్పాను. నలభై సెకన్లలో చుక్కలు అణిగాయి, స్తంభాలు కుదురుకున్నాయి, గొట్టం వచ్చింది. గట్టు అంచున, కిందగా, పలక మీద పెట్టినట్టు ఒక్క దీపం. సూది మొనలా స్పష్టంగా. కదలకుండా.

"అదుగో!" అన్నావు నువ్వు. నీ గొంతు అలా విని ఎన్నేళ్ళయిందో. "కనబడుతోంది వదినా! చుక్కలా కనబడుతోంది!" రెండు కళ్ళకీ పొరలున్న ఆయన కూడా చూశాడు. ఏడుగురూ అవునన్నారు. కట్టడి తీరింది. తెల్లవారగానే పడవ.

నువ్వు కళ్ళు తుడుచుకుంటుంటే నేను కెమెరా కట్టేశాను. రేపు మధ్యాహ్నం ఇది చదువుతావు కనక అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆ దీపాలు పగలు ఎండకి నిండి, చీకటి పడితే వాటంతటవే వెలుగుతాయి. వెలిగించే మనిషి అక్కర్లేదు. ఊపే చెయ్యి ఉన్నన్నాళ్ళూ మన బొమ్మలో అది మురికి. చెయ్యి ఆగాక సాక్ష్యం అయింది. లేదా ఎవరో ఓపిక లేక దీపాన్ని కింద పెట్టి, పక్కన చేరగిలబడి ఉన్నారు. ఈ రెండో మాట నమ్మమని గంగులుకి చెప్పాను. పడవ నడిపేవాడు ఏదో ఒకటి నమ్మి నడపాలి.

నన్ను నమ్మమని ఎవరూ చెప్పలేదు.

సరే, పని. ఇది మధ్యాహ్నందాకా ఆగేది కాదు కనక ఈ పేజీ చింపి పైడమ్మ చేత ఇప్పుడే నీకు పంపుతున్నాను. గంగులు తాడు విప్పేలోపు కావాలి. కొట్టు గదిలో పై అరలో పంచదార డబ్బా ఉంది, మూత బిగుసుకుపోయి ఉంటుంది, వేడినీళ్ళలో ముంచి తియ్యి. మరిగించి చల్లార్చిన వాన నీళ్ళు లీటరుకి, పంచదార ఆరు చిన్న చెంచాలు, అంచుకి సమంగా గీసి. ఉప్పు అదే చెంచాతో అర చెంచా, అంతకి మించకూడదు. రుచి చూడు, కన్నీళ్ళకంటె ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలుపు. మూటలో ఒక చిన్న చెంచా కూడా పెట్టు. గటగటా తాగించకూడదు, చెంచాతో పెదవులు తడపాలి, గుక్కకీ గుక్కకీ మధ్య నూరు లెక్కపెట్టాలి, అలా గంగులుకి రెండుసార్లు చెప్పు. సీసాలు పన్నెండు కట్టు. ఎందుకన్ని అని అడిగితే ఖాళీ సీసాలు పన్నెండున్నాయని చెప్పు. మూతలు నువ్వు బిగించాక ఇంకోసారి పైడమ్మ చేత బిగించు.